వీక్షణసంఖ్యయు దాని విలువయు



నేడు మన పల్లెలలో రచ్చబండ కడను, టీ అంగడి యొద్దను ఒక క్రొత్త ప్రమాణవాక్యము వినబడుచున్నది. ఏ మందు మంచిది, ఏ విత్తనము మేలు, ఏ వార్త నిజము అను వాదము పుట్టినపుడు ఒక యువకుడు సెల్లుఫోను ముందుకు చాపి, "పెద్దయ్యా, దీన్ని పది లక్షలమంది చూశారు. అబద్ధమైతే ఇంతమంది చూస్తారా?" అని యడుగును. అంతటితో వాదము ముగియును. పూర్వము అనుభవజ్ఞుని మాటకు ఉండిన స్థానమును ఈ పది లక్షలను అంకె యాక్రమించుకొన్నది. ఆ యంకె యెట్లు పుట్టుచున్నది, దేనిని కొలుచుచున్నది, దేనిని కొలువజాలదు అను విషయమును పెద్దలు తెలిసికొనుట యవసరము. ఏలయన, ఆ యువకుని ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు మీరే.

యూట్యూబు, ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము మొదలగు సామాజిక మాధ్యమములలో వీడియో క్రింద గాని ప్రక్కన గాని ఒక సంఖ్య కనబడును. దానిని ఆంగ్లమున 'వ్యూస్' అందురు. మనము 'వీక్షణలు' అనవచ్చును. సంఖ్య పెద్దదైనపుడు దానిని ఆంగ్లాక్షరముతో కుదించి వ్రాయుదురు. అంకె ప్రక్క 'కె' యున్నచో వేలనియు, 'ఎం' యున్నచో పది లక్షలనియు, 'బి' యున్నచో నూరు కోట్లనియు గ్రహింపవలెను. అనగా 12 ప్రక్కన 'కె' యున్న పండ్రెండు వేలు. 3 ప్రక్కన 'ఎం' యున్న ముప్పది లక్షలు. కొన్ని ఫోనులలో లక్ష, కోటి యని మన లెక్కలోనే కనబడును.

ఈ లెక్క పుట్టి రెండు దశాబ్దములు దాటినది. యూట్యూబులో మొదటి వీడియో 2005 ఏప్రిల్ 23వ తేదీని చేర్పబడినది. ఆ సంస్థాపకులలో నొకడగు జావేద్ కరీం అమెరికాలోని శాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలిచి పలికిన నాలుగు మాటలే యందు గలవు. దాని నిడివి 19 సెకన్లు. తరువాత ఏడేండ్లకు, 2012 డిసెంబరులో, దక్షిణ కొరియా గాయకుడగు 'సై' పాడిన 'గంగ్నమ్ స్టైల్' అను పాట నూరు కోట్ల వీక్షణలు దాటిన మొదటి వీడియో యైనది. ఆ సంస్థవారి లెక్కయంత్రము 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకు మాత్రమే లెక్కింపగలుగునట్లు తొలుత నిర్మింపబడినది. అంతకు మించి యెవరు చూతురని వారి తలంపు. 2014 డిసెంబరునాటి కా పాట యా హద్దును గూడ దాటెను. కుంచము నిండి పొరలినట్లు కాగా, వారు లెక్కపాత్రనే పెద్దది చేసికొనవలసి వచ్చినది.

ఇంతకును వీక్షణ యనగా నేమి? మన పెద్దలకు గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము, తూము అను ధాన్యపు కొలతలు తెలియును. మానిక యను పేరొక్కటే యైనను, ఒక సీమ మానిక వేరొక సీమ మానికతో సరిపోయెడిది కాదు. కావున తెలిసినవాడు ఎన్ని మానికలని యడుగుటకు ముందు, ఏ యూరి మానిక యని యడిగెడివాడు. 1956లో మన పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణములను గూర్చి శాసనము చేసి, 1958 నుండి మెట్రిక్ పద్ధతిని క్రమముగా దేశమున ప్రవేశపెట్టిన పిమ్మట ఈ చిక్కు తొలగినది. వీక్షణల విషయమున మనకట్టి శాసనము లేదు. ఏ సంస్థ మానిక యా సంస్థదే. దానిని పెంచుటకును తగ్గించుటకును ఆ సంస్థకే యధికారము.

కొన్ని యుదాహరణములు చెప్పెదను. ఫేసుబుక్కు తెరచి వ్రేలితో పైకి జరుపుచు పోవునపుడు వీడియోలు ఎవరును తాకకయే కదలనారంభించును. ఆ సంస్థ చాలకాలము 3 సెకన్లు కదలిన వీడియోను చూచినట్లే లెక్కించినది. ఒక గ్రుక్కెడు మంచినీళ్లు మ్రింగునంత కాలమది. యూట్యూబులో మధ్య వచ్చు ప్రకటనలలో, చూచువాడు దాటివేయుటకు వీలున్నవాటిని 30 సెకన్లు చూచిననే గాని, లేదా ప్రకటన యంతకంటె చిన్నదైనచో తుదివరకు చూచిననే గాని, లేదా దానిపై నొక్కిననే గాని వీక్షణగా లెక్కింపరు. నాడు ట్విట్టరని పేరొంది నేడు ఎక్స్ అనబడు మాధ్యమమున 2022 డిసెంబరు నుండి ప్రతి వ్రాతకును వీక్షణసంఖ్య చూపుచున్నారు. అచ్చట వ్రాత తెరపై కనబడిన చాలును, చదివినను చదువకున్నను అది లెక్కకు వచ్చును. ఇన్‌స్టాగ్రాము వారు 2024లో వీడియోలకును, చిత్రములకును వీక్షణలనే ముఖ్యమగు కొలతగా జేసిరి. పేరు ఒక్కటి, కొలతపాత్రలు పెక్కు. ఫేసుబుక్కులో లక్ష వచ్చినదనియు, యూట్యూబులో పదివేలే వచ్చినదనియు పోల్చి చూచుట, రెండూళ్ల మానికలను పోల్చి పంట యెక్కువయని చెప్పుటవంటిది.

మానికయే మారిపోయిన కథ కూడ నొకటి కలదు. 2020 జూన్ 29వ తేదీని మన ప్రభుత్వము టిక్‌టాక్ మొదలగు చీనా సంస్థల యాప్‌లను నిషేధించినది. ఆ సెప్టెంబరులోనే యూట్యూబు సంస్థ 'షార్ట్స్' అను పొట్టి వీడియోల పద్ధతిని మొట్టమొదట మన దేశముననే పరీక్షార్థము ప్రారంభించెను. వీనిని బొటనవ్రేలితో నొకదాని తరువాత నొకటిగా త్రోసికొనుచు చూతురు. తొలుత కొన్ని సెకన్లు చూచిననే గాని వీక్షణగా లెక్కించెడివారు కారు. 2025 మార్చి 31 నుండి ఆ నియమమును తీసివేసిరి. వీడియో కదలుట మొదలైన చాలును, ఒక వీక్షణ. అది ముగిసి మరల మొదలైనచో మరియొక వీక్షణ. చూచువారు పెరుగకున్నను అంకె పెరుగుటకు దారి యేర్పడెను. పంట పది పుట్లే. చిన్న మానికతో కొలిచిన ఎక్కువ మానికలు వచ్చును.

ఇందు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. ఆ సంస్థ షార్ట్స్ చేయువారికి ప్రకటనల సొమ్ము పంచునపుడు ఈ చిన్న మానికను వాడదు. పాత పద్ధతి లెక్కను వేరొక పేరుతో నుంచుకొని దాని ననుసరించియే చెల్లించుచున్నది. జనులకు చూపుట కొక కొలత, డబ్బు లెక్కించుట కొక కొలత. తన సొమ్ము చేయిదాటునపుడు వర్తకుడు ఏ కొలతను వాడునో, నమ్మదగిన కొలత యదియే యని తెలిసికొనవలెను.

ఇప్పుడు "పది లక్షలమంది చూశారు" అను మాటను పరిశీలింతము. అందు 'మంది' యను పదము తప్పు. లెక్కింపబడినవి చూపులు, మనుష్యులు కారు. దీనికి కాదనరాని నిదర్శనము గలదు. 'బేబీ షార్క్' అను పిల్లల పాట 2022 జనవరిలో వేయి కోట్ల వీక్షణలు దాటెను. అప్పటికి ప్రపంచమున నున్న జనులందరును కలిసి 800 కోట్లు కాలేదు. చంటిబిడ్డలు మొదలు పండు ముదుసలుల వరకు భూమిపై నున్న ప్రతివాడును ఒక్కొక్కసారి చూచినను ఆ సంఖ్య రాదు. పిల్లవాడు అన్నము తినుటకు మారాము చేయునపుడు తల్లి ఆ పాటనే పదేపదే పెట్టుచుండుటచే వచ్చిన లెక్క యది.

లోపము రెండువైపులను గలదు. ఒక యింట అయిదుగురు కూర్చుండి టీవీలో నొక వీడియో చూచినచో ఒక్క వీక్షణయే పడును. ఒక్కడే యయిదుమారులు చూచినచో అయిదు పడవచ్చును. కావున ఈ మాధ్యమములవారు వేర్వేరు ఖాతాల లెక్కను మరియొక పట్టికలో నుంతురు. దానిని 'రీచ్' అందురు. ఆ లెక్క వీడియో చేసినవానికి మాత్రమే కనబడును. మనకు కనబడునది చూపుల మొత్తమే.

చూచుట యన్న మాటలోను భేదమున్నది. గుమ్మములోనికి తొంగి చూచి వెడలినవాడును, పీటవేసికొని కూర్చుండి తుదివరకు విన్నవాడును సమానులు కారు గదా! ఒక లెక్క కట్టి చూతము. ఒక రైతు విత్తనశుద్ధి చేయు విధమును 10 నిమిషముల వీడియోగా తీసినాడనుకొనుడు. దానికి 2,000 వీక్షణలు వచ్చినవి. సగటున 6 నిమిషములు చూచిరి. మొత్తము 12,000 నిమిషములు, అనగా 200 గంటలు. వేరొకడు ఆకతాయి చేష్టతో అర నిమిషపు వీడియో తీసినాడు. దానికి 20,000 వీక్షణలు వచ్చినవి. సగటున 6 సెకన్లు చూచిరి. మొత్తము 1,20,000 సెకన్లు, అనగా 2,000 నిమిషములు. 33 గంటల 20 నిమిషములు. వీక్షణల లెక్కలో రెండవవాడు పదింతలు గొప్పవాడు. జనులు వెచ్చించిన కాలము చూడగా మొదటివాడు ఆరింతలు గొప్పవాడు. ఎవరి పని ఫలించినదో మీరే నిర్ణయింపుడు.

ఈ సత్యము ఆ సంస్థలకును తెలియును. యూట్యూబు తొలియేండ్లలో ఎక్కువ వీక్షణలు గల వీడియోలనే ముందుకు తెచ్చి చూపుచుండెను. దానివలన మోసగాండ్రు పుట్టిరి. లోపల లేని వింతను ముఖచిత్రముపై వేసి జనులను రప్పించుట మొదలైనది. వచ్చినవాడు మోసపోయితినని వెంటనే వెడలినను అంకె మాత్రము పడును. అందుచే 2012లో ఆ సంస్థ పద్ధతి మార్చి, ఎంతసేపు చూచిరను దానికి ప్రాధాన్యమిచ్చెను. నేడు ప్రకటనల యాదాయమున భాగము కోరువాడు 1,000 మంది సబ్‌స్క్రైబర్లనబడు అనుచరులను సంపాదించి, పండ్రెండు నెలలలో జనులు తన వీడియోలను 4,000 గంటలు చూచునట్లు చేయవలెను. పొట్టి వీడియోలవాడైనచో 90 దినములలో కోటి వీక్షణలు పొందవలెను. ఒకవైపు గంటలు, మరియొకవైపు కోటి చూపులు. పొట్టి వీడియోల చూపు ఎంత చులకనయైనదో ఆ రెండంకెలే చెప్పుచున్నవి.

కాలపు లెక్కయైనను దోషరహితము కాదు. 2016 సెప్టెంబరులో ఫేసుబుక్కు సంస్థ తాను రెండేండ్లుగా ప్రకటనకర్తలకు చూపుచు వచ్చిన సగటు వీక్షణకాలము వాస్తవముకంటె నెక్కువగా నున్నదని యొప్పుకొనెను. తప్పెట్లు జరిగినదో బడిలెక్కలో చెప్పెదను. తరగతిలో 10 మంది బాలురు, వారి మార్కుల మొత్తము 300. సగటు 30. ఒక యుపాధ్యాయుడు తప్పినవారిని నలుగురిని విడిచి, ఆ 300ను ఉత్తీర్ణులైన 6 గురితోనే భాగించినచో సగటు 50 అగును. ఆ సంస్థ చేసినదియు నట్టిదే. అందరు చూచిన కాలమును కూడి, 3 సెకన్లకు మించి చూచినవారి సంఖ్యతో మాత్రమే భాగించెను. ప్రకటనకర్తలు న్యాయస్థానమున కెక్కిరి. 2019లో ఆ సంస్థ 4 కోట్ల డాలర్లిచ్చి రాజీపడెను. లెక్క వ్రాయువాడు తన యంగడికి లాభమగు లెక్క వ్రాసికొనుట లోకమున క్రొత్త కాదు. అందుకే గుమాస్తాకు పైన తనిఖీదారుని నియమింతురు.

ఇక కొనుగోలు చూపులు కలవు. డబ్బు పుచ్చుకొని వీక్షణలను, లైకులను, అనుచరులను అమ్మువారున్నారు. మనుష్యులు చూడకయే యంత్రములచేత చూచినట్లు చేయింతురు. అమెరికాలో డెవూమీ అను సంస్థ ఈ వ్యాపారమే చేయగా, 2019లో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వ్యాజ్యము వేసి దానిని నిలిపించెను. 2024లో ఆ కమిషనే యిట్టి దొంగలెక్కల క్రయవిక్రయములను నిషేధించుచు నియమము చేసెను. మాధ్యమములవారును కావలికాయుచునే యున్నారు. 2015 వరకు యూట్యూబులో క్రొత్త వీడియో సంఖ్య తరచుగా 301 వద్ద నిలిచిపోయెడిది. అంతవరకు లెక్కించి, తరువాతి చూపులు నిజమైనవో కావో పరీక్షించి గాని అంకెను కదలనిచ్చెడివారు కారు. నేడును అనుమానమైన వీక్షణలను తీసివేయుచుందురు. నిన్న ఎక్కువగా నుండిన అంకె నేడు తగ్గుట కిదియు నొక కారణము.

ఇంత చెప్పినంతమాత్రమున ఈ లెక్క నిష్ప్రయోజనమని నా భావము కాదు. కొలత నెరిగి వాడిన ప్రయోజనకారియే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లె నుండి 2012లో 'మై విలేజ్ షో' అను ఛానెలు మొదలైనది. వ్యవసాయపు కూలిపనులు చేసికొని బ్రదికిన గంగవ్వ వయస్సు మీరుచున్న కాలమున అందు నటించి, తెలంగాణపు పలుకుతోనే తెలుగువారందరికి పరిచితురాలైనది. 2020లో టెలివిజను ప్రదర్శనమగు బిగ్‌బాస్ లోనికి ఆమెను పిలిచిరి. ఏ పట్టణపు వేదికయు నొల్లని పల్లెపలుకును వినగోరువా రింతమంది కలరని వీక్షణసంఖ్య లోకమునకు చూపినది. ఆ లెక్క లేకున్న నామె కట్టి గౌరవము కలుగుట దుర్లభము.

కావున మీ యింటి బాలుడో బాలికయో ఒక పాట పాడి, ఒక పని నేర్పి వీడియో పెట్టినచో, దాని ఫలమును కొలుచుటకు కొన్ని సూత్రములు చెప్పెదను. మొదటిది, తన వీడియోను తన వెనుకటి వీడియోలతోనే పోల్చుకొనవలెను. అన్యుల పంటతో కాదు. రెండవది, కాలము సమముగా నుండవలెను. పదేండ్ల క్రిందట పెట్టిన వీడియోకు పది లక్షల వీక్షణలున్న, దినమునకు సగటున 274 మాత్రమే. వారము క్రిందట పెట్టినదానికి లక్ష యున్న, దినమునకు 14,285. మూడవది, తెరపై కనబడినపుడు ఎందరు నొక్కి లోనికి వచ్చిరో చూడవలెను. ముఖచిత్రము నూరుసార్లు కనబడగా రెండు మొదలు పదిసార్ల వరకు నొక్కబడుట సగము ఛానెళ్లలోను, వీడియోలలోను కనబడుచున్నదని యూట్యూబు సంస్థయే చెప్పుచున్నది. నూటికి తొంబదిమంది రాలేదని దిగులుపడ నక్కరలేదు. నాలుగవది, వచ్చినవారు ఎంతసేపు నిలిచిరి, ఏమి వ్రాసిరి, మరల వచ్చిరా యని చూడవలెను.

ఇన్ని చూచిన పిమ్మట 200 వీక్షణలే వచ్చినవని బిడ్డ కంటనీరు పెట్టుకొన్నచో, పెద్దలు చెప్పవలసిన మాట యొకటి కలదు. 200 మంది కూర్చున్నచోట బుర్రకథ చెప్పినవాడు వాకిలి నిండినదని సంతోషించి యింటికి పోయెడివాడు. అంకె చిన్నదని విద్య చిన్నది కాదు. అంకెకొఱకు రైలుపట్టాలమీదను, జలపాతముల యంచులను సాహసములు చేసి ప్రాణములు పోగొట్టుకొన్న యువకుల వార్తలు మీరు పత్రికలలో చదువుచునే యున్నారు. మూడు సెకన్ల చూపుకు నిండుప్రాణము వెలయగునా? ఈ లెక్క యెంత తేలికయైనదో వారికెవరైన ముందుగా చెప్పియుండిన బాగుండెడిది. మీ యూరి పిల్లలకు మీరు చెప్పుడు.

తుదకు మొదటి ప్రశ్నకు వత్తము. అబద్ధమైన ఇంతమంది చూతురా? చూతురు. వీక్షణసంఖ్య కోరికను కొలుచును, కుతూహలమును కొలుచును, సత్యమును కొలువదు. దొమ్మరి గడయెక్కినపుడు సంతలోని జనమంతయు మూగును. వైద్యుడు పథ్యము చెప్పునపుడు రోగి యొక్కడే వినును. జనము మూగినంతమాత్రమున దొమ్మరివాని మాట మందు కాదు. ఆకుపసరు త్రాగిన మధుమేహము పోవునని చెప్పు వీడియో కోటి వీక్షణలు పొందినను, దానిని నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలు మానినవాని రక్తములోని చక్కెర ఆ కోటిని లెక్కచేయదు. పాముకాటునకు నోటితో విషము పీల్చివేయుమని చెప్పు వీడియోను ఎందరు చూచినను, కాటుపడినవానిని కాపాడునది ఆసుపత్రిలోని విషహరౌషధమే. వీడియో చూచుచు గడపిన ప్రతి నిమిషమును ప్రాణహాని.

ఒక సంస్థ బహుళప్రచారమును కీర్తిగా చూపుచుండగా, వేరొక సంస్థ దానినే హెచ్చరికగా చూపుచున్నది. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతులు వాట్సాప్ ద్వారా వ్యాపించి, దేశమున పలుచోట్ల నిరపరాధులు జనులచేత చంపబడిరి. మహారాష్ట్రమున ధూలే జిల్లా రెయిన్‌పాడా గ్రామమున జూలై 1వ తేదీని సంతదినమున నొక్కనాడే అయిదుగురు మరణించిరి. వారిపై బడినవారి చేతులలోనికి ఆ వదంతి యెన్ని ఫోనులు దాటి వచ్చినదో! అటుపిమ్మట వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకమారు 5 చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసెను. పలువురి చేతులు మారి వచ్చిన సందేశముపై జంటబాణముల గుర్తు వేయుచున్నది. 2020 ఏప్రిల్ నుండి అట్టిదానిని ఒకమారు ఒక్కచోటికే పంపనిచ్చుచున్నది. పెక్కుచేతులు మారినదనుట నమ్మకమునకు కారణము కాదు, జాగ్రత్తకు కారణమని దాని యర్థము.

కావున ఈమారు రచ్చబండ కడ ఎవరైన పది లక్షలని ఫోను చూపినపుడు, పెద్దలు కోపగింపక నాలుగు ప్రశ్నలు వేయవలెను. చెప్పుచున్నవాడెవడు, ఆ విద్య నెచ్చట నేర్చినాడు? ఎప్పుడు చెప్పినాడు, ఆ మాట నేటికిని చెల్లునా? అది విన్నందువలన వానికి లాభమేమి, క్రింద నేదైన అమ్మకానికి పెట్టినాడా? మన యూరివారికి చేరువలో ఆ విషయము తెలిసినవారెవరు? మందైనచో వైద్యుని యడుగుడు. విత్తనమైనచో, తెగులైనచో జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రము వారిని గాని, 1800-180-1551 అను కిసాన్ కాల్ సెంటరు వారిని గాని అడుగుడు. అచ్చట మాటలాడుటకు వెచ్చము లేదు. తెలుగులోనే సమాధానము చెప్పుదురు. ఈ నాలుగు ప్రశ్నలకు నిలిచిన వీడియోను ఇరువదిమందియే చూచినను గ్రహింపవచ్చును. నిలువని వీడియోను ఇరువది కోట్లు చూచినను విడువవచ్చును.

పూర్వము ధాన్యము కొనునపుడు మానిక నెత్తి, వెలుగునకు పట్టి, అడుగున లక్కయో మైనమో అంటించినారేమో యని చూచి గాని కొలువనిచ్చెడివారు కారు. ఆ జాగ్రత్తనే ఈ క్రొత్త మానికయెడను చూపుడని పెద్దలను కోరుచున్నాను.